గోబ్లిన్ డెక్‌లో గోబ్లిన్లు తగ్గించి బర్న్ పెంచాలా? బెజవాడ, గుంటూరు ప్లేయర్లు చెప్పండి

బ్రాడీపేట బుష్‌వాకర్:
అందరికీ నమస్తే. నేను ఆడేది మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో పాపర్ ఫార్మాట్, అంటే అన్నీ తేలిగ్గా దొరికే కామన్ కార్డులే. డెక్ మొత్తం ఎరుపు, గోబ్లిన్లు. పోయిన ఆదివారం పటమటలో మేడ మీద మూడు మ్యాచ్‌లు ఆడి రెండు ఓడిపోయాను. గుంటూరు వచ్చేదాకా రైల్లో అదే ఆలోచన.

రెండు ఓటములూ ఒకేలా జరిగాయి. రెండోది చెప్తాను. ఐదో టర్న్, అవతల లైఫ్ 10. నా వైపు ఐదు గోబ్లిన్లు, అన్నీ ఒకటి బై ఒకటి (కొట్టే పవర్ ఒకటి, తట్టుకునే డ్యామేజ్ ఒకటి). వాటిలో నాలుగు టోకెన్లు, అంటే వేరే కార్డులు పుట్టించిన క్రీచర్లు, వాటి బదులు చింతపిక్కలు పెట్టుకున్నాను. ఐదింటితో అటాక్ చేస్తే లైఫ్ 5కి వచ్చింది. అటాక్ అయ్యాక చేతిలో ఉన్న రెండు ఫౌండ్రీ స్ట్రీట్ డెనిజెన్లు కూడా దించేశాను. అవతలి అన్న తన టర్న్‌లో మూడు మానా (కార్డు వేయడానికి కట్టే ఖర్చు) పెట్టి ఫైరీ కాననేడ్ వేశాడు. పైరేట్‌లకు తప్ప ప్రతి క్రీచర్‌కీ రెండు డ్యామేజ్. ఏడూ పోయాయి. ఆ తర్వాత డ్రా చేసింది లైట్నింగ్ బోల్ట్, 5 నుంచి 2కి దించాను. అక్కడితో ఆగిపోయాను.

డెక్ ఇదీ: ఒక మానా గోబ్లిన్లు 16 (డెనిజెన్, రేజింగ్ గోబ్లిన్, కోహోర్ట్, బుష్‌వాకర్ నాలుగేసి), మాగ్ వార్ మార్షల్ 4, ఇన్‌స్టిగేటర్ 4, మేట్రన్ 4. బర్న్, అంటే నేరుగా డ్యామేజ్ చేసే కార్డులు, 12: బోల్ట్, చెయిన్ లైట్నింగ్, ఫైర్‌బ్లాస్ట్ నాలుగేసి. మానా ఇచ్చే మౌంటెన్లు 20.

నా ఆలోచన ఏంటంటే రేజింగ్ గోబ్లిన్ నాలుగూ, ఇన్‌స్టిగేటర్ నాలుగూ తీసేసి, ఆరు బర్న్, రెండు మౌంటెన్లు పెంచుదామని. బర్న్‌ని ఏ కాననేడూ తుడవలేదు కదా. మీరేమంటారు?

పటమట పాతకాపు:
తమ్ముడూ, ఆ మ్యాచ్ నేను నీ వెనక నుంచుని చూశాను. నిన్ను ఓడించింది డెక్ కాదు, ఆ రెండు డెనిజెన్లు.

లెక్క చూడు. అటాక్ అయ్యాక అతని లైఫ్ 5. నీ బోర్డు మీద పవర్ 5. అంటే వచ్చే టర్న్‌కి ఆట అయిపోవాలి. ఇంకో రెండు దించితే పవర్ 7. అప్పుడూ వచ్చే టర్న్‌కే అయిపోతుంది. ఒక్క టర్న్ కూడా తగ్గలేదు. ఆ రెండు కార్డులూ నీకు ఏమీ తేలేదు, అతని కాననేడ్‌కి మాత్రం ఇంకో రెండు ప్రాణాలు ఇచ్చాయి.

అదే చేతిలో ఉంచుకుంటే? కాననేడ్‌లో ఐదు పోతాయి, పోనీ. ఆరో టర్న్‌లో నీకు బోల్ట్ వచ్చింది, 5 నుంచి 2. అదే టర్న్‌లో రెండు డెనిజెన్లూ దించుతావు, మొత్తం మూడు మానా. ఏడో టర్న్‌లో రెండూ కొడతాయి. 2 నుంచి సున్నా. అవే కార్డులు, అదే డ్రా, నువ్వు గెలిచేవాడివి.

నేను ఏ క్రీచర్ దించబోయే ముందైనా ఒకటే అడుగుతాను: ఇది దించితే ఒక టర్న్ తగ్గుతుందా? తగ్గితే అవతల ఏమున్నా సరే దించుతాను, భయపడను. తగ్గకపోతే చేతిలోనే ఉంటుంది. లైఫ్ 12, నీ పవర్ 5 అనుకో. మూడు టర్న్‌లు పడుతుంది. ఒక్క గోబ్లిన్ కలిస్తే పవర్ 6, రెండు టర్న్‌లు. ఆ గోబ్లిన్ బంగారం. లైఫ్ 12, పవర్ 6 అయితే ఇంకోటి కలిపినా రెండు టర్న్‌లే. అది దాచు. "ఎప్పుడూ రెండు కార్డులు చేతిలో ఉంచుకోవాలి" అని కొందరు చెప్తారు, నేను ఒప్పుకోను. అలా ఆడితే మొదటి మూడు టర్న్‌లలో నీ దూకుడే చచ్చిపోతుంది.

గోబ్లిన్లతో ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1996లో అట్లాంటాలో జరిగిన ప్రో టూర్ క్వాలిఫయర్‌లో (పెద్ద టోర్నీకి అర్హత పోటీ) పాల్ స్లై అనే ఆయన మొత్తం ఎరుపు డెక్‌తో రెండో స్థానంలో వచ్చాడు. డెక్ ఆలోచన జే ష్నైడర్‌ది. అందులో చాలా కార్డుల్ని విడిగా చూస్తే ఎవరూ చెయ్యి పెట్టరు. బలమంతా ప్రతి టర్న్‌లో ఉన్న మానా మొత్తం ఖర్చయ్యేలా కార్డులు అమర్చడంలో ఉంది. ఇప్పటికీ ఇలాంటి డెక్‌ని స్లై అనే అంటారు. నువ్వు రేజింగ్ గోబ్లిన్లు తీసేస్తే ఆ అమరికే పోతుంది.

కృష్ణలంక కాననేడ్:
ఆ కాననేడ్ వేసింది నేనే. కాబట్టి ఇటువైపు నుంచి కూడా చెప్తాను.

ఫైరీ కాననేడ్ ఇన్‌స్టంట్. తమ్ముడు ఐదింటితో అటాక్ చేసినప్పుడే వేసి ఉండొచ్చు, అప్పుడు ఐదు డ్యామేజ్ తప్పేది. వేయలేదు. ఎందుకంటే తన చేతిలో రెండు కార్డులున్నాయి, అప్పటిదాకా ప్రతి టర్న్ చేతిలో ఉన్నదంతా దించుతూనే వచ్చాడు. ఇవి కూడా దించుతాడని గట్టి నమ్మకం. అందుకే ఐదు తీసుకుని కూర్చున్నాను. ఆ రెండూ దాచుకుని ఉంటే పాతకాపు అన్న చెప్పినట్టే ఏడో టర్న్‌లో పోయేవాణ్ణి. నా చేతిలో అప్పటికి ఒక్క బ్లాకర్ లేదు, ఎనిమిదో టర్న్ దాకా రాలేదు కూడా.

బర్న్ ఎక్కువున్న డెక్‌ని చూసి నాకు అంత టెన్షన్ ఉండదు. 20 లైఫ్ పోవాలంటే ఏడు బోల్ట్‌లు కావాలి. అన్ని వచ్చేలోపు నాకు టైమ్ దొరుకుతుంది. మొదటి టర్న్‌లో డెనిజెన్ దిగితేనే నా చేతిని ఇంకోసారి చూసుకుంటాను. ఇంకొకటి, వార్ మార్షల్ అంటే నాకు మహా చిరాకు. కాననేడ్ వేస్తే మార్షల్ చస్తూ చస్తూ ఇంకో టోకెన్ పెట్టి పోతుంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఒకటి. తుడుపుకి మందు కావాలంటే బర్న్ కాదు, అలాంటి క్రీచర్లు.

మొగల్రాజపురం మంట:
అన్నలిద్దరూ చెప్పింది విన్నాక కూడా నేను బుష్‌వాకర్ బ్రో పక్షమే.

ఏడో టర్న్‌లో పైనుంచి డ్రా చేసిన రేజింగ్ గోబ్లిన్ ఏం చేస్తుంది? అవతల ఒక్క టూ బై టూ ఉంటే గోడకి తల కొట్టుకోవడమే. అదే టర్న్‌లో వచ్చిన బోల్ట్ ఎప్పటికీ మూడే. బ్లాకర్లు ఉన్నా మూడే, చేతిలో ఇంకేమీ లేకున్నా మూడే. పైగా మన దగ్గర తుడుపు కార్డులు పెట్టుకునేవాళ్ళు తక్కువేం కాదు. కాననేడ్ ఒకరు, క్రిప్ట్ ర్యాట్స్ (ఇదీ క్రీచర్లన్నిటికీ డ్యామేజ్ చేసేదే) ఇద్దరు. ఆడే మనుషుల్ని బట్టి డెక్ మారాలి. పుస్తకంలో ఉన్నట్టు కట్టుకుని మన మేడ మీద ఓడిపోతే ఏం లాభం?

కొరిటెపాడు లెక్కలు:
నేను లెక్కలే చెప్తాను, తీర్పు మీరు చెప్పండి. అన్నీ 60 కార్డుల డెక్‌కి, మొదటి ఏడు కార్డులకి.

ఒక మానా గోబ్లిన్లు 16 ఉంటే మొదటి చేతిలో కనీసం ఒకటైనా రావడానికి 90 శాతం అవకాశం. 12కి తగ్గిస్తే 81. ఎనిమిదే ఉంటే 65. బుష్‌వాకర్ గారి ప్లాన్ ప్రకారం 12 అవుతాయి, అంటే దాదాపు ప్రతి పది ఆటల్లో ఇంకో ఆట మొదటి టర్న్ ఖాళీగా పోతుంది. ఇందులోనూ బుష్‌వాకర్ కార్డుని మొదటి టర్న్‌లో ఎవరూ దించరు కాబట్టి అసలు లెక్క ఇంకా తక్కువ: ఇప్పుడు 12, ప్లాన్ తర్వాత 8. నన్నడిగితే ఈ ప్లాన్‌లో పెద్ద దెబ్బ ఇదే.

మౌంటెన్ల సంగతి. 20 ఉంటే సున్నా లేక ఒక్క మౌంటెన్‌తో చేయి రావడానికి సుమారు 25 శాతం. 22 అయితే 19. 18 అయితే 31. 17కి దిగితే 35. అటువైపు చూస్తే, ఐదు లేదా అంతకంటే ఎక్కువ మౌంటెన్లు రావడం 20తో మూడున్నర శాతం, 22తో ఐదున్నర. కానీ మీ డెక్‌లో నాలుగో మౌంటెన్ తర్వాత వచ్చేవి పెద్దగా పనికిరావు. ఒక్క ఫైర్‌బ్లాస్ట్‌కి మాత్రం రెండు మౌంటెన్లు బలి ఇవ్వాలి, అక్కడ పనికొస్తాయి. 2019 నుంచి లండన్ మలిగన్ ఉంది కదా, చేయి నచ్చకపోతే మళ్ళీ ఏడు తీసుకుని ఒకటి అడుగున పెట్టడమే. తక్కువ మౌంటెన్లతో వచ్చే చేయి మునుపటంత నష్టం కాదు. నేనైతే 22 వద్దంటాను, 18 కూడా ఆలోచించమంటాను.

పటమట పాతకాపు:
మంట తమ్ముడు చెప్పినదాంట్లో నిజం ఉంది, కాదనను. ఏడో టర్న్‌లో వచ్చిన గోబ్లిన్ దండగే. కానీ మొదటి టర్న్‌లో దిగిన ఒకటి బై ఒకటి, అడ్డం లేకపోతే రెండు, మూడు, నాలుగు టర్న్‌లలో మూడు డ్యామేజ్ చేస్తుంది. అంటే నాలుగో టర్న్‌కే బోల్ట్‌తో సమానం. ఆ తర్వాత ప్రతి టర్న్ లాభమే. పైగా బోల్ట్‌కి బోల్ట్ కలిస్తే ఆరే, గోబ్లిన్‌కి గోబ్లిన్ కలిస్తే అంతకంటే ఎక్కువ.

ఎలాగంటావా, ముందు ఆడే అవకాశం వచ్చి, అవతల అడ్డం లేదనుకో. మొదటి టర్న్ డెనిజెన్. రెండో టర్న్ వార్ మార్షల్. మార్షల్ ఒకటి, దాని టోకెన్ ఒకటి, రెండూ ఎరుపే కాబట్టి డెనిజెన్‌కి ఆ టర్న్ వరకు రెండు పెరుగుతుంది. మూడు కొడుతుంది, 17. మూడో టర్న్ మొదట్లో మార్షల్ ఎకో (దాన్ని ఉంచుకోవడానికి మళ్ళీ కట్టాల్సిన మానా) కట్టకు, చావనీ. ఇంకో టోకెన్ వస్తుంది, డెనిజెన్ 2. ఒక మానాతో రేజింగ్ గోబ్లిన్, డెనిజెన్ 3. మిగిలిన రెండుతో బుష్‌వాకర్ కిక్కర్ (అదనపు మానా) కట్టి దించు, డెనిజెన్ 4. బుష్‌వాకర్ అందరికీ ఒకటి పెంచి హేస్ట్ ఇస్తుంది, అంటే దిగిన టర్న్‌లోనే అటాక్ చేయొచ్చు. డెనిజెన్ 5, రెండు టోకెన్లు రెండేసి, రేజింగ్ 2, బుష్‌వాకర్ 2. మొత్తం 13. లైఫ్ 4. వాడేసిన మౌంటెన్లలో రెండు బలి ఇచ్చి ఫైర్‌బ్లాస్ట్, నాలుగు. మూడో టర్న్‌లోనే 20 లైఫూ పోయింది. ఏడు కార్డుల చేతికి రెండు డ్రాలు కలిస్తే తొమ్మిది, దీనికి కావాల్సినవి ఎనిమిది.

ఇది రోజూ జరగదు. నాకు జరిగింది మూడు నాలుగు సార్లే. కానీ ఇందులో ఫైర్‌బ్లాస్ట్ చివరి కార్డు అని గమనించు. బర్న్ ఆట ముగించడానికి. ఆట మొదలుపెట్టేది గోబ్లిన్లు. 12 బర్న్ చాలు. తమ్ముడు తీసేస్తానన్న రేజింగ్ గోబ్లిన్ లేకపోతే ఈ చేతిలో 13 కాదు, 10.

బ్రాడీపేట బుష్‌వాకర్:
రెండు వారాలు ఆడి చూసి రాస్తున్నాను. రేజింగ్ గోబ్లిన్లు తీయలేదు. మేట్రన్ రెండు తగ్గించి, మౌంటెన్ ఒకటి తగ్గించాను. వాటి బదులు బర్నింగ్ ట్రీ ఎమిసరీ మూడు పెట్టాను. రెండు మానా పెట్టి దించితే ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ మానా తిరిగి ఇస్తుంది, కాబట్టి అదే టర్న్‌లో ఇంకోటి దిగుతుంది. అది గోబ్లిన్ కాదు, డెక్‌లోంచి గోబ్లిన్‌నే తెచ్చే మేట్రన్‌తో వెతకలేను, అయినా టూ బై టూ కాబట్టి క్రిప్ట్ ర్యాట్స్ ఒకటి కొడితే చావదు.

ప్రతి క్రీచర్ దించే ముందు లైఫ్‌ని నా పవర్‌తో భాగించి, కాగితం మీద టర్న్‌లు రాసుకుంటున్నాను. మొదట్లో ఆలస్యమయ్యేది, ఇప్పుడు అలవాటైంది. దాచుకోవడం వల్ల కోహోర్ట్‌కి కూడా ఉపయోగం దొరికింది. అది క్రీచర్ వేసిన టర్న్‌లోనే అటాక్ చేయగలదు. మునుపు రెండో టర్న్‌కే అన్నీ దించేసి, తర్వాత దాన్ని ఊరికే కూర్చోబెట్టేవాణ్ణి. ఇప్పుడు టర్న్‌కి ఒకటి చొప్పున వేస్తూ దాన్ని నడిపిస్తున్నాను.

కృష్ణలంక అన్నతో మళ్ళీ ఆడాను. మొదటి ఆట నేను గెలిచాను. చేతిలో మార్షల్ ఒకటి, డెనిజెన్ ఒకటి ఉంచుకున్నాను. అన్న అటాక్‌లోనే కాననేడ్ వేసేశాడు, ఆగలేదు. రెండో ఆట ఓడాను, రెండు మౌంటెన్ల దగ్గరే ఇరుక్కుపోయాను. మూడోది టైమ్ లేక ఆపేశాం, నాకు రైలు ఉంది. మౌంటెన్లు ఇప్పుడు 19. ఆ రెండో ఆట చూశాక ఇరవయ్యోది మళ్ళీ పెట్టాలా అని ఇంకా తేల్చుకోలేదు. కొరిటెపాడు అన్నా, మీ లెక్కల్లో 19కి ఎంత?

కొరిటెపాడు లెక్కలు:
19కి సున్నా లేక ఒకటి వచ్చేది 28 శాతం, 20తో పోలిస్తే మూడు ఎక్కువ. ఒక్క ఆట చూసి మార్చకండి. ఇంకో ఇరవై ఆటలు రాసిపెట్టుకుని రండి, ఆదివారం బెజవాడలో కలిసి చూద్దాం.