500 గీతలతో ఎగిరే పక్షి: యెగానే సూత్రాలు ఎవరైనా వేసి చూశారా?

డిగ్రీ రెండో ఏడు:
ఇరాన్‌కు చెందిన హమీద్ నాదెరీ యెగానే బొమ్మలు మీలో కొందరు చూసే ఉంటారు. గణితం చదువుకున్న మనిషి, సూత్రాలతోనే బొమ్మలు వేస్తారు. 2015 నాటి ‘ఎ బర్డ్ ఇన్ ఫ్లైట్’ బొమ్మలో ఉన్నవి 500 సరళరేఖలు, అంతే. రెక్కలు మాత్రం వంపు తిరిగినట్టే కనిపిస్తాయి. సూత్రం కూడా ఆయనే అందరికీ ఇచ్చారు కదా అని గ్రాఫ్ యాప్‌లో ఎక్కించాను. రెండు రోజులైంది, పక్షి రావడం లేదు. పైన మొన, కింద కాస్త వెడల్పుతో సన్నటి త్రికోణం ఒకటి నిలబడుతోంది. సూత్రం పదిసార్లు సరిచూశాను. ఎవరికైనా ఇలా అయిందా?

లెక్కల మాస్టారు:
మా పిల్లలకూ అచ్చం ఇలాగే వచ్చింది బాబూ. యాప్ డిగ్రీల్లో ఉంది, రేడియన్లకు మార్చు. సూత్రంలో కోణాలు రేడియన్లలో ఉన్నాయి, అక్కడ 2పై అంటే పూర్తి చుట్టు. నీ యాప్ దాన్ని 6.28 డిగ్రీలు అనుకుంటోంది. అంత చిన్న కోణానికి సైన్ విలువ సున్నా దగ్గరే ఉంటుంది, సూత్రంలో దానికి ఏడో ఘాతం ఉంది, అంటే దాన్నే ఏడుసార్లు వేసి గుణిస్తే ఇక మిగిలేదేముంది? అందుకే రెక్కలు విచ్చుకోలేదు.

సరిచేశాక ఒక్కో గీతకు రెండు కొసలూ విడివిడిగా చూడు. మొదటి కొస అడ్డంగా −1.5 నుంచి 1.5 దాకా పోతుంది, నిలువుగా పావు యూనిట్ దాటదు. రెక్కలను గీసేది అదే. రెండో కొస అడ్డంగా 0.2 దాటదు కానీ కిందికి 0.67 దాకా దిగుతుంది. అది ఒళ్లు, తోక. ఒక కొస రెక్క మీద, ఇంకోటి ఒంటి మీద నడుస్తుంటే మధ్యలో గీతలు పడతాయి. నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

డిగ్రీ రెండో ఏడు:
వచ్చేసింది సార్! చాలా థ్యాంక్స్. మీరు చెప్పాక అంకెలు మార్చి చూస్తూ కూర్చున్నాను. సైన్ మీది ఘాతం 7ను 8 చేస్తే ఎడమ రెక్క మాయమైంది, గీతలన్నీ కుడికే వెళ్లాయి. సరి ఘాతానికి రుణ విలువ రాదు కదా, ఇక ఎడమకు వెళ్లేదెలా? ఘాతం 1 పెడితే గీతలు అంతటా పరుచుకుని రెక్కకూ ఒంటికీ తేడా పోయింది. ఏడో ఘాతం వల్లే ఎక్కువ గీతలు ఒంటి దగ్గర గుమిగూడి, కొన్ని మాత్రం రెక్క చివరి దాకా వెళ్తున్నాయి. ఇంటర్‌లో ఈ గ్రాఫులన్నీ బట్టీ పట్టాను, ఇప్పుడు అర్థమయ్యాయి.

చుక్కల ముగ్గు:
నేను కంప్యూటర్ లేకుండా వేశానండి. ఎప్పుడో బీఎస్సీ మ్యాథ్స్ చదివాను, సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఇంకా ఉంది. 500 వేయలేం కాబట్టి పదింటికి ఒకటి చొప్పున (10, 20, 30... 500) 50 గీతలు పెట్టుకున్నాను. ఒక యూనిట్‌కు 10 సెం.మీ. తీసుకుంటే రెక్కల వెడల్పు 30 సెం.మీ., అంటే దాదాపు అడుగు. లెక్కలు చేస్తుంటే ఒకటి గమనించాను. ఏ గీత సంఖ్యకైనా 250 కలిపితే వచ్చేది దాని అద్దపు ప్రతిబింబం! నిలువు విలువలు అవే, అడ్డం విలువల గుర్తు మారుతుంది. కాబట్టి 25 గీతలకు లెక్క కడితే చాలు. మా అమ్మ ముగ్గు సగం వేసి, రెండో సగం చూడకుండానే కలిపేసేది. ఈ 25 గీతలు అటు తిప్పి వేస్తున్నంతసేపూ అమ్మే గుర్తొచ్చింది. 50 గీతలకు రెక్క పలచగా వస్తుంది కానీ పక్షి అని తెలిసిపోతుంది.

ఎక్సెల్‌లో చేసినవాడు:
స్కాటర్ చార్ట్‌తో నాకు బాగానే వచ్చింది. ప్రతి గీతకు రెండు వరసలు, తర్వాత ఒక ఖాళీ వరస. ఆ ఖాళీ వదలకపోతే ఒక గీత చివర ఇంకో గీతకు అంటుకుని చిక్కుముడి అవుతుంది. గీత మందం బాగా తగ్గించండి, లేకపోతే మధ్యలో నల్లటి ముద్దే.

రాత్రి షిఫ్ట్:
మరి ఆయనకు ఇలాంటి సూత్రం ఎలా తట్టింది?

లెక్కల మాస్టారు:
మొదట్లో కంప్యూటర్‌తో ఎన్నో బొమ్మలు గీయించి, వాటిలో దేనికో పోలిక ఉన్నవి ఏరేవారు. పోనుపోను సూత్రంలో ఏ భాగం ఏ పని చేయాలో అనుకుని, మెట్టు మెట్టుగా దాన్ని కట్టుకోవడం మొదలుపెట్టారు. 2016లో ఇదే పేరుతో వేసిన పక్షిలో 20,001 వృత్తాలున్నాయి, ఈకలు కూడా తెలుస్తాయి. తర్వాతి రంగు బొమ్మల్లో ప్రతి పిక్సెల్ రంగునూ సూత్రమే నిర్ణయిస్తుంది. మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నేను 500 గీతల పక్షినే చూపిస్తాను. ప్రతి అంకె ఎందుకుందో వేలు పెట్టి చూపించవచ్చు.

ముగ్గు మేడమ్, మీ 25 గీతల పట్టిక ఇక్కడ పెడతారా? మా పదో తరగతి వాళ్లతో చార్ట్ మీద వేయిస్తాను.

చుక్కల ముగ్గు:
తప్పకుండా సార్, రేపు సాయంత్రానికి మొత్తం పెడతాను. ఈలోగా ఒకటి వేసి చూడమనండి. 500లో 40వ గీత: మొదటి కొస కుడికి 15 సెం.మీ., ఎత్తు సున్నా. రెండో కొస కుడికి 1.7, కిందికి 1.8. కుడి రెక్క కొన అదే. దాని జత 290వ గీత, పిల్లలనే వేయనివ్వండి.