ఫ్లెక్స్ డిజైన్ నుంచి ఆన్‌లైన్ బ్యానర్లు: ఏ సైజులు చేయాలి, ఏవి వదిలేయొచ్చు?

బెజవాడ_గ్రాఫిక్స్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. విజయవాడలో ఒక బట్టల షోరూమ్‌కి దసరా ఆఫర్ బ్యానర్లు కావాలి. వాళ్ల దగ్గర ఉన్నదల్లా 10×4 అడుగుల ఫ్లెక్స్ ఫైలు. అది సీఎంవైకేలో (ప్రింటింగ్‌కి వాడే రంగుల పద్ధతి) ఉంది, తెలుగంతా అను ఫాంట్లే (డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లు). యాడ్స్ రెండు చోట్ల నడుస్తాయి: గూగుల్ డిస్‌ప్లేలో (వేరే సైట్లలో, యాప్‌లలో గూగుల్ చూపించే బ్యానర్ యాడ్స్), ఒక తెలుగు న్యూస్ సైట్‌లో నేరుగా మాట్లాడుకున్న స్లాట్లలో. నెట్‌లో వెతికితే ఇరవై ముప్పై సైజుల పట్టికలు కనిపిస్తున్నాయి. అన్నీ చేయాలా? ముందు ఏవి? జిఫ్ (కదిలే బొమ్మ) పెట్టాలా, మామూలు ఇమేజ్ సరిపోతుందా? ఫొటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి పొల్లులు పడుతున్నాయి, దానికీ దారి చెప్పండి. బడ్జెట్ తక్కువే.

యాడ్స్_మేస్త్రి

అన్నీ అక్కర్లేదండీ. ముందు (అన్నీ పిక్సెళ్లలో) 300×250, 320×50, 320×100, 728×90, 300×600. ఈ ఐదూ ఉంటే ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఎక్కువ స్లాట్లు కవర్ అవుతాయి. వీటిలో కూడా ఒక్కటే చేయగలిగితే 300×250 చేయండి. ఆర్టికల్ మధ్యలో వచ్చే డబ్బా అదే, రెండు చోట్లా సరిపోతుంది. టైమ్ ఉంటే 336×280, 160×600, 970×250 కలపండి. 336×280 కోసం విడిగా కష్టపడొద్దు: నిష్పత్తి ఒకటే, 300×250ని 1.12 రెట్లు పెంచితే అచ్చంగా అదే వస్తుంది. అయితే పెంచాల్సింది లేయర్లున్న అసలు ఫైలుని, ఎగుమతి చేసిన జేపీజీని కాదు. 468×60, 120×600 పాతకాలం సైజులు, ఇప్పుడు వాటికి స్లాట్లు తక్కువ. 240×400 రష్యా వైపు, 250×360 స్వీడన్ వైపు నడిచేవి, పట్టికల్లో కనిపించినా మనకి పనిలేదు.

సైజుల పేర్ల కన్నా ఆకారాలు చూసుకోండి. ఉన్నవి మూడే: డబ్బా, అడ్డపట్టీ, నిలువుపట్టీ. మీ ఫ్లెక్స్ ఈ మూడింట్లో దేనికీ సరిపోదు. 10×4ని 728×90లోకి కుదిస్తే వెడల్పు 225 పిక్సెళ్లే వస్తుంది, మిగతా 503 ఖాళీ. 300×250లో పెడితే ఎత్తు 120 వస్తుంది, సగానికి పైగా ఖాళీ. సాగదీస్తే మోడల్ మొహం పోతుంది. కాబట్టి ఫ్లెక్స్‌లోంచి చీర ఫొటో, లోగో, ఆఫర్ మాట, ఈ మూడే తీసుకుని మూడు ఆకారాలకీ కొత్తగా అమర్చండి. బ్రాంచీల అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు, "షరతులు వర్తిస్తాయి" లాంటి చిన్నక్షరాలు క్లిక్ చేశాక వచ్చే పేజీలోకి వెళ్లాలి.

గూగుల్‌లో బడ్జెట్ చిన్నదైతే రెస్పాన్సివ్ డిస్‌ప్లే యాడ్ కూడా ఒకటి తప్పకుండా పెట్టండి. దానికి బ్యానర్ సైజులతో పనిలేదు. 1200×628 ఒకటి, 1200×1200 ఒకటి, లోగో 1200×1200లోను, 1200×300లోను. స్లాట్‌కి తగ్గట్టు గూగులే అమర్చుకుంటుంది. ఆ ఫొటోల మీద ఆఫర్ మాటలు అచ్చేయొద్దు. హెడ్‌లైన్‌ని అదెలాగూ పక్కన వేస్తుంది కాబట్టి ఒకే మాట రెండుసార్లు పడుతుంది, కొన్ని స్లాట్లలో ఫొటో అంచులు కత్తిరించి సగం అక్షరం చూపిస్తుంది.

హెడ్‌లైన్ పరిమితి 30 అక్షరాలు. ఇక్కడ తెలుగు వాళ్లకి ఒక చిక్కుంది: గుణింతం గుర్తు, పొల్లు, ఒత్తు విడివిడిగా లెక్కపడతాయి. "శ్రీ" కంటికి ఒకటే, లెక్కలో నాలుగు. "కంచి పట్టు చీరలపై 40 శాతం తగ్గింపు" 34 అవుతుంది, తీసుకోదు. "శాతం" తీసి % పెట్టి అంకెకి ఆనించండి, సరిగ్గా 30.

అక్షర_శిల్పి

టైప్ సంగతి నేను చెప్తా.

ఒత్తులు విడిపోవడం ఫాంట్ తప్పు కాదు, ఫొటోషాప్ సెట్టింగ్. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని వరల్డ్-రెడీ లేఅవుట్‌కి మార్చండి. పాత వెర్షన్లలో అక్కడ మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ప్రోగ్రామ్ మూసి తెరిచి కొత్త ఫైలులో టైప్ చేయండి. పాత లేయర్లు వాటంతటవి మారవు. ఒక్కొక్కటి ఎంచుకుని పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కూడా వరల్డ్-రెడీ పెట్టాలి.

అను ఫాంట్లు ఇమేజ్ లోపల ఉంటే ఇబ్బంది లేదు, బొమ్మగా మారిపోతాయి. కానీ ఆ మాటల్నే కాపీ చేసి గూగుల్ హెడ్‌లైన్ డబ్బాలో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ (అన్ని చోట్లా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. మళ్లీ యూనికోడ్‌లో కొట్టుకోండి. ఉన్నవి నాలుగు మాటలే, కన్వర్టర్ల మీద ఆధారపడి తర్వాత తప్పులు వెతుక్కోవడం కన్నా అదే త్వరగా అవుతుంది.

320×50లో తెలుగు ఒక్క వరసే పడుతుంది. పైన గుడి, కింద ఒత్తు కలుపుకుంటే అక్షరం సైజుకి 1.6 రెట్ల ఎత్తు కావాలి. 20 పిక్సెళ్ల అక్షరానికి 32. ఉన్నదే 50 కాబట్టి రెండో వరసకి చోటు లేదు. ఇంగ్లిష్ బ్యానర్ చూసి అదే లేఅవుట్‌లో తెలుగు పోస్తే "ట్టు" కిందికి, "రీ" పైకి కోసుకుపోయేది ఇందుకే. 728×90లో 24 సైజులో రెండు వరసలు దాదాపు 77లో ఇముడుతాయి, అదీ ఇరుకుగానే. ఫాంట్ లావుగా ఉండాలి: రామభద్ర, నోటో సాన్స్ తెలుగు బోల్డ్ లాంటివి. సన్నగీతల ఫాంట్లు స్క్రీన్ మీద 20 సైజులో తలకట్లు పోయి కనిపిస్తాయి.

రంగుల విషయం. ముందు సీఎంవైకేని ఎస్‌ఆర్‌జీబీకి (స్క్రీన్లకి వాడే రంగుల పద్ధతి) మార్చండి, లేకపోతే బ్రౌజర్‌లో రంగులు తేడాగా కనపడే ప్రమాదం ఉంది. 72 డీపీఐయా 300 డీపీఐయా (అంగుళానికి ఎన్ని చుక్కలు) అని తల పట్టుకోవద్దు, ఇక్కడ పిక్సెళ్లే లెక్క. పసుపు మీద ఎరుపు అక్షరాలు మన షోరూముల వాళ్లకి ప్రాణం కదా, అక్కడే జేపీజీ దెబ్బ కొడుతుంది: రంగు సమాచారాన్ని సగానికి కుదించి అక్షరం అంచుల్లో ఎర్రటి మసక పూస్తుంది. సేవ్ ఫర్ వెబ్‌లో క్వాలిటీ 51 పైన ఉంటే ఆ కుదింపు జరగదు. ఫొటో తక్కువ, అక్షరాలెక్కువ ఉన్న పట్టీ అయితే పీఎన్‌జీ వాడండి.

బెజవాడ_గ్రాఫిక్స్

చాలా థ్యాంక్స్ అండీ, సెట్టింగ్ మార్చగానే ఒత్తులు కుదిరాయి. జిఫ్ సంగతి, సైట్ వాళ్ల స్లాట్ల సంగతి కూడా చెప్తారా? వాళ్లు 970×250, 300×250, ఫోన్‌లో కింద అంటుకుని ఉండే 320×50 ఇస్తామన్నారు.

స్లాట్_కాపరి

సైట్ల వైపు పని చేసేవాళ్లకి రోజూ తగిలే గొడవ ఫైలు బరువుతోనే (ఎన్ని కేబీలు అని). ప్రతి ఇమేజ్‌నీ 150 కేబీ లోపు ఉంచండి, 320×50ని 50 కేబీ లోపు. ఐఏబీ (ఆన్‌లైన్ యాడ్స్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ) ప్రమాణాల్లో 970×250కి 250 కేబీ దాకా వెసులుబాటు ఉంది కానీ ఆ సైట్ వాళ్లు ఎంత తీసుకుంటారో వాళ్ల స్పెక్ షీట్ (సైజు, బరువు నియమాల కాగితం) అడిగి తెలుసుకోండి. మాటల్లో కాదు, మెయిల్‌లో అడగండి.

ఫోన్లలో మసక రాకుండా సైట్ వాళ్లకి రెట్టింపు సైజు ఇవ్వొచ్చేమో కూడా అడగండి: 300×250 స్లాట్‌కి 600×500 ఫైలు. దానికి ఒప్పుకుంటే తెలుగు అక్షరం చక్కగా తేలుతుంది. గూగుల్ యాడ్స్‌లో అప్‌లోడ్ చేసే బ్యానర్‌కి మాత్రం ఇది కుదరదు, 300×250 అంటే 300×250 ఉండాల్సిందే, ఒక్క పిక్సెల్ తేడా వచ్చినా తీసుకోదు. బ్యానర్ నేపథ్యం తెలుపైతే చుట్టూ ఒక పిక్సెల్ బూడిదరంగు అంచు గీయండి. లేకపోతే యాడ్ ఎక్కడ మొదలైందో పేజీలో తెలియదు.

970×250 డబ్బు ఎక్కువ అడుగుతారు. చూసినట్టు లెక్కేసే పద్ధతి అడిగి మరీ కొనండి. మామూలు డిస్‌ప్లే యాడ్‌కి ఎంఆర్‌సీ (యాడ్ల లెక్కింపు ప్రమాణాలు చూసే అమెరికా సంస్థ) పద్ధతిలో సగం పిక్సెళ్లు ఒక సెకను పాటు కనపడాలి. 2,42,500 పిక్సెళ్లు, ఆపైన ఉన్న పెద్దవాటికి 30 శాతం కనపడినా చాలు, 970×250 సరిగ్గా ఆ గీత మీదే ఉంది. అంటే పైభాగం మాత్రమే కనపడినా లెక్కలో పడిపోవచ్చు. ఆఫర్‌ని బ్యానర్ అడుగున పెట్టొద్దు.

జిఫ్ కదలాలంటే గూగుల్‌లో 30 సెకన్ల లోపు ఆగిపోవాలి, వేగం సెకనుకి 5 ఫ్రేములు మించకూడదు. ఐఏబీ లెక్కలో 15 సెకన్లే. 15కి కట్టుకుంటే రెండు చోట్లా నడుస్తుంది. మూడు ఫ్రేములు చాలు: చీర, ఆఫర్, షోరూమ్ పేరు. చివరి ఫ్రేములో మూడూ కలిపి ఉంచండి, ఆగేది అక్కడే కదా. జిఫ్‌కి 256 రంగులే, పట్టుచీర జరీ మెరుపు మెట్లుమెట్లుగా విరిగిపోతుంది. చీర ఫొటోయే ప్రాణమైన యాడ్‌కి నేనైతే కదలని జేపీజీయే పెడతా. హెచ్‌టీఎంఎల్5 (కోడ్‌తో కదిలే బ్యానర్) బాగుంటుంది కానీ గూగుల్‌లో కొత్త అకౌంట్లకి ఆ అప్‌లోడ్ వెంటనే ఇవ్వరు.

బ్యానర్ మీద దొంగ ప్లే బటన్, దొంగ క్లోజ్ గుర్తు, ఫోన్ హెచ్చరికలా కనపడే డబ్బా గీయకండి, రిజెక్ట్ అవుతాయి. టపటపా మెరిసే నేపథ్యమూ అంతే.

యాడ్స్_మేస్త్రి

పైన చెప్పిన దానికి ఒకటి చేరుస్తా. జరీ విషయంలో స్లాట్_కాపరి గారితో ఏకీభవిస్తా కానీ 320×50లో ఫొటో ఎలాగూ కనపడదు, అక్కడ రెండు ఫ్రేముల జిఫ్ నష్టమేం చేయదు.

ఆ 320×50 క్లిక్‌ల శాతం గూగుల్ రిపోర్ట్‌లో బ్రహ్మాండంగా కనపడితే పొంగిపోకండి. గేమ్ ఆడుతూ వేలు తగిలి పడే క్లిక్‌లు చాలా ఉంటాయి, పేజీ తెరుచుకునేలోపే వెనక్కి వెళ్లిపోతారు. ప్లేస్‌మెంట్ల రిపోర్ట్ (యాడ్ ఎక్కడెక్కడ పడిందో చూపేది) తెరిచి చూడండి, గేమ్ యాప్‌లే కనపడితే ఎక్స్‌క్లూజన్స్‌లో (యాడ్ వద్దనుకున్న చోట్ల జాబితా) ఆ యాప్ కేటగిరీలు చేర్చండి. ప్రతి సైజు లింక్‌కీ వేరే యూటీఎం ట్యాగ్ (క్లిక్ ఏ బ్యానర్ నుంచి వచ్చిందో చెప్పే లింక్ చివరి తోక) పెట్టండి, లేకపోతే వారం తర్వాత ఏ బ్యానర్ పని చేసిందో తెలియదు. ఫైలు పేర్లలో తెలుగు, ఖాళీలు వద్దు, పేరు చివర సైజు ఉంటే అప్‌లోడ్ చేసేవాళ్లకి గందరగోళం ఉండదు.