డ్యూటీలో వేళ్లు పోయినయ్, ఇప్పుడు జాబ్ కూడా లేదు, ఈఎస్ఐ నుంచి ఏమన్నా వస్తదా?

తమ్ముడికి_అక్క
అందరికీ నమస్తే. మా తమ్ముడు జీడిమెట్లలో ప్రెస్ మెషిన్ మీద చేసేటోడు, కాంట్రాక్టర్ కింద. నైట్ షిఫ్ట్‌లో కుడి చెయ్యి డై కింద పడి మూడు వేళ్లు మొదలంటా పోయినయ్. ఈఎస్ఐ (జీతంల కట్ చేసే కార్మికుల బీమా) హాస్పిటల్లనే ఆపరేషన్ అయింది, రెస్ట్‌లో ఉన్నన్ని రోజులు అకౌంట్ల డబ్బులు కూడా పడ్డయ్. ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చినంక కంపెనీకి పోతే ఆ చేత్తో ఇక్కడ ఏం పని చేస్తవ్ అని వెనక్కి పంపిన్రు, అప్పట్నుంచి ఖాళీగనే ఉన్నడు. కాంట్రాక్టర్‌ని అడిగితే నౌకరే లేదు ఇంక ఈఎస్ఐ ఎక్కడిది అంటున్నడు. ఊర్లో వాళ్లేమో సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది) ఉంటే పింఛన్ వస్తది అంటరు. పని లేనోనికి ఇవి వర్తిస్తయా? వానికి 27 ఏండ్లు, రోజంతా ఆ చెయ్యి తువ్వాల్లో చుట్టుకొని కూసుంటుండు, చూడలేకపోతున్న. తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

మెదక్_పోరడు
అక్కా ముందు సర్టిఫికెట్ పని చూడు. మీసేవల అడిగితే స్లాట్ బుక్ చేసిస్తరు, ఇప్పుడు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు పోర్టల్లోనే అప్లై చేస్తున్నరు. 40 శాతం పైన వస్తే మన తెలంగాణ చేయూత పింఛన్, నెలకు 4016కి అప్లై చేస్కోవచ్చు, దానికి జాబ్ లేకపోవుడు అడ్డం కాదు, ఇంటి ఆదాయం చూస్తరు అంతే. ఈఎస్ఐ అయితే జాబ్ పోతే అయిపోయినట్టే అనుకుంటా.

యూనియన్_పని
కాదు తమ్మీ, ఈఎస్ఐ అయిపోలేదు, ఈ మాట నమ్మే చాలామంది జీవితాంతం వచ్చే డబ్బులు వదిలేసుకుంటున్నరు. అమ్మా జాగ్రత్తగ చదువు. డ్యూటీల దెబ్బ తగిలి ఎప్పటికీ పోని లోపం మిగిలితే ఈఎస్ఐలో పర్మనెంట్ డిసేబుల్‌మెంట్ బెనిఫిట్ అని ఉంటది, పీడీబీ అంటరు. దానికి చూసేది దెబ్బ తగిలిన రోజు వాడు పనిల ఉన్నడా లేదా అని, ఇయ్యాల ఉన్నడా అని కాదు. తర్వాత తీసేసినా, వాడే మానేసినా, రేపు ఇంకోచోట జీతానికి చేరినా అది ఆగదు, బతికున్నంత కాలం వస్తది.

ఇంతవరకు పడ్డది టెంపరరీ బెనిఫిట్, జీతంల 90 శాతం లెక్కన. అది ఆగినంక మెడికల్ బోర్డుకు పోవాలె, బోర్డు వాళ్లు సంపాదించే శక్తి ఎంత శాతం పోయింది అని రాస్తరు. ఒక చేతికి మూడు వేళ్లు పోతే చట్టం షెడ్యూల్లో (ఏ లోపానికి ఎంత శాతమో రాసిన పట్టికల) 30 శాతం ఉన్నది, బొటనవేలు ఒక్కటే పోయినా 30. మీ వానికి ఏ వేళ్లు పోయినయో చూడుండ్రి, బొటనవేలు అందులో ఉంటే లెక్క మారుతది. ఉదాహరణకు నెలకు 15000 జీతం అనుకో, రోజుకు 500, అందులో 90 శాతం 450, దాంట్ల 30 శాతం అంటే రోజుకు 135, నెలకు నాలుగు వేల పైన. ఆదివారాలు కూడా లెక్కే.

ఇంకోటి, సదరం శాతం వేరు, ఈఎస్ఐ బోర్డు శాతం వేరు. అక్కడ 40 రాకుంటే పింఛన్ రాదు, ఇక్కడ 40 అవసరమే లేదు, తక్కువ వచ్చినా అంత మేరకు ఇస్తరు. సదరంల తక్కువొచ్చిందని ఈఎస్ఐ వదులుకోకుండ్రి. బోర్డు తక్కువ రాసింది అనిపిస్తే మూడు నెలల్లోపు మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు పోవచ్చు.

తమ్ముడికి_అక్క
అన్నా మీకు చాలా థాంక్స్, బొటనవేలు ఉంది, పక్క మూడు పోయినయ్. బోర్డు గురించి మాకెవ్వరు చెప్పలే. ఇంకో డౌట్, జీతంల ఈఎస్ఐ కట్ అయినట్టు స్లిప్పులు ఉన్నయ్ గానీ నంబర్ మాత్రం యాక్సిడెంట్ అయిన తెల్లారి తీసిన్రు, దానితోని రిజెక్ట్ చేస్తరా?

యూనియన్_పని
కాంట్రాక్టర్లు చానామంది చేసే పనే ఇది. దానికి మీవోడు భయపడే పనిలేదు. డ్యూటీల దెబ్బకు ఇన్ని నెలలు కట్టి ఉండాలె అనే రూల్ లేదు, చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తది. యజమాని కట్టకపోతే ఈఎస్ఐ కార్పొరేషన్ మీవోనికి ఇచ్చి ఆయన దగ్గర వసూలు చేసుకుంటది, చట్టంలనే ఉన్నది. ఆ స్లిప్పులు, అటెండెన్స్ ఫోటోలు, హాస్పిటల్ల మొదటి రోజు చీటీ పారేయకుండ్రి. యాక్సిడెంట్ రిపోర్ట్ కంపెనీ పంపిందా లేదా బ్రాంచ్ ఆఫీసులో అడుగుండ్రి, టెంపరరీ డబ్బులు పడ్డయంటే వాళ్ల దగ్గర ఫైల్ ఉండే ఉంటది, పని సగం అయినట్టే.

గాజువాక_లక్ష్మి
మాది విశాఖ అండి. మా ఆయనకి ఇలాగే అయ్యింది కానీ ఫ్యాక్టరీలో కాదు, ఇంటి నుంచి డ్యూటీకెళ్తుంటే దారిలో లారీ గుద్దేసి మోకాలి కింద కాలు తీసేశారు. రోడ్డు మీద అయ్యింది కాబట్టి రాదన్నారు అందరూ, కానీ ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగినా డ్యూటీ ప్రమాదం కిందే లెక్కట, 2010లో చట్టం మార్చారంట. షిఫ్ట్ టైము, ఎఫ్ఐఆర్ టైము సరిపోయాయి కాబట్టి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆయన వేరేచోట కూర్చుని చేసే పనిలో ఉన్నారు, అయినా పీడీబీ పడుతూనే ఉంది, టైముకి లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నట్టు కాగితం) ఇస్తే చాలు. మా ఆంధ్రాలో అయితే 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛన్ 6000 చేశారు, దానికీ 40 శాతం ఉండాలి. మీ తమ్ముణ్ని మాత్రం ఇంట్లో కూర్చోబెట్టేయకండమ్మా, ఆఫీసుకి ఆయన్నే వెంట తీసుకెళ్లండి, తన కాగితాలు తనే పట్టుకుని మాట్లాడితే మా ఆయనలో కూడా చాలా ధైర్యం వచ్చింది.

మెదక్_పోరడు
మరి డ్యూటీకి సంబంధం లేకుండా, పండుగకు ఊరికొచ్చినప్పుడు చెట్టు మీదకెళ్లి పడితే? మా బాబాయిది అదే కేసు, నడుము పోయింది, కంపెనీ తీసేసింది.

యూనియన్_పని
అట్లయితే పీడీబీ రాదు. కానీ రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అని ఈఎస్ఐలనే ఉంది, డ్యూటీ బయట 40 శాతం పైన శాశ్వత లోపం వచ్చి పని పోయినోళ్లకు మొదటి ఏడాది జీతంల సగం, రెండో ఏడాది పావు ఇస్తరు. దానికి మాత్రం ముందు కొన్నేండ్లు ఈఎస్ఐ కట్టి ఉండాలె. బాబాయికి పీఎఫ్ కూడా కట్ అయ్యేదా? నౌకరీల ఉన్నప్పుడే పడి ఏ పనీ చేయలేని స్థితి వస్తే పీఎఫ్ పెన్షన్‌ల డిసేబుల్‌మెంట్ పెన్షన్ ఉంటది, ఒక్క నెల కట్టినా చాలు. పడ్డ తేదీ, తీసేసిన తేదీ రెండూ ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.