ఆపద్ధర్మ ప్రధానా, తాత్కాలిక ప్రధానా?

కరీబియన్ దేశం హైతీకి ప్రధానిగా చేసిన డాక్టర్ ఏరియల్ హెన్రీని తెలుగులో ఆపద్ధర్మ ప్రధాని అనాలా, తాత్కాలిక ప్రధాని అనాలా, మధ్యంతర ప్రధాని అనాలా అని ఒకరు అడిగారండీ. నా ఓటు ‘తాత్కాలిక’కే, కాకపోతే చివరి ఆరు వారాల లెక్క వేరు.

మన పేపర్లలో ఆపద్ధర్మ అంటే దిగిపోతూ, కొత్తవాళ్లు వచ్చేదాకా కుర్చీలో ఉండే మనిషి. 2018 సెప్టెంబరులో అసెంబ్లీ రద్దయ్యాక కేసీఆర్‌ను ఆపద్ధర్మ ముఖ్యమంత్రి అనే రాశారు. శాంతిపర్వంలో భీష్ముడు చెప్పే ఆపద్ధర్మం వేరు, ఆపదలో పడ్డ రాజు మామూలు నియమాలు పక్కనపెట్టి ఏం చేయొచ్చు అన్నది అక్కడి సంగతి. ఆ అర్థంలో అయితే హెన్రీకి భేషుగ్గా సరిపోతుంది గానీ ఇవాళ పేపరు చదివేవాళ్లకు అది తట్టదు.

ఆయన న్యూరోసర్జన్, ఫ్రాన్స్‌లో చదువుకున్నారు. 2021 జులై 5న అధ్యక్షుడు మోయిజ్ ఆయన్ని ప్రధానిగా ప్రకటించారు, ప్రమాణం చేసేలోపే 7న మోయిజ్‌ను సొంత ఇంట్లోనే కాల్చి చంపేశారు. అప్పటికి కుర్చీలో ఉన్న క్లాడ్ జోసెఫ్ ప్రధానిని నేనే అంటే, కాదు నేనని హెన్రీ, చివరికి 20న హెన్రీయే ప్రమాణం చేశారు. కొత్త అధ్యక్షుడు లేడు, ఎన్నికల్లేవు, 2023 జనవరిలో మిగిలిన పదిమంది సెనేటర్ల గడువూ తీరిపోయి జనం ఎన్నుకున్న జాతీయ నాయకుడంటూ ఒక్కడూ మిగల్లేదు. 2024 ఫిబ్రవరి 7కల్లా ఎన్నికైన ప్రభుత్వానికి అప్పగిస్తామని ఒప్పందం రాసుకున్నారు, ఆ తేదీ కూడా అలాగే గడిచిపోయింది. 33 నెలల తాత్కాలికం! నవ్వొస్తుంది, నిజమే. కానీ ఎన్నికలు పెట్టి దిగిపోతానంటూ వచ్చిన మనిషికి ఇంకే మాట వాడతాం?

ఆ ఫిబ్రవరి చివర్లో ముఠాలను అణచడానికి కెన్యా పోలీసు దళాన్ని హైతీకి రప్పించే ఒప్పందం కోసం ఆయన కెన్యా వెళ్లారు. ఇటు ముఠాలు జైళ్లు బద్దలుకొట్టి ఎయిర్‌పోర్టు మీద పడ్డాయి, విమానం దిగే దారిలేక ప్యూర్టోరికోలో ఆగిపోయారు. ఎన్నికలయ్యేదాకా దేశాన్ని నడిపే పాలక మండలి ఏర్పడగానే తప్పుకుంటానని మార్చి 11న ప్రకటించి, ఏప్రిల్ 24న రాజీనామా ఇచ్చారు. ఆ రెండు తేదీల నడుమ మాత్రం ఆయన్ని నిక్షేపంగా ఆపద్ధర్మ ప్రధాని అనొచ్చు, దేశంలో అడుగు పెట్టలేకపోయినా సరే.

‘మధ్యంతర’ మాత్రం వద్దండీ. మధ్యంతర ఎన్నికలు, మధ్యంతర బెయిల్, ఉద్యోగుల మధ్యంతర భృతి, ఇలా ఆ మాటకు బోలెడు పనులున్నాయి. మధ్యంతర ప్రధాని అంటే అక్కడ ఎన్నికలు ముందే వచ్చేశాయేమో అనుకుంటారు.