సౌదీలో ఎంబసీ గుమ్మం ఎప్పుడు తొక్కాలి?

వంశధార_గట్టు (టెక్కలి)

మా తమ్ముడు పైప్ ఫిట్టరు. వచ్చే నెల సౌదీ, జుబైల్ వెళ్తున్నాడు. రెండేళ్ల అగ్రిమెంటు. పదో తరగతి పాసవ్వలేదు కాబట్టి ఈసీఆర్ (పనికెళ్లే ముందు ప్రభుత్వ క్లియరెన్సు కావాల్సిన) పాస్‌పోర్టు. ఏజెంటుని ఏం అడిగినా "ఏదైనా అయితే ఎంబసీ ఉంది కదా" అంటున్నాడు. ఆ ఏదైనా అంటే ఏటి? జీతం ఆగితే వెళ్లాలా, పాస్‌పోర్టు కంపెనీ పట్టుకుంటే వెళ్లాలా, ఆస్పత్రిలో పడితే వెళ్లాలా? వెళ్తే వాళ్లు నిజంగా ఏం చేస్తారు? ఇక్కడున్న మేం ఏం చెయ్యొచ్చు? తెలిసినోళ్లు చెప్పండి.

కఫీల్_కాగితం

ముందు ఏ గుమ్మమో తెలియాలి. జుబైల్, దమ్మామ్, ఖోబర్ అంతా రియాద్ ఎంబసీ కిందికి వస్తుంది. జెడ్డా కాన్సులేట్ చూసేది మక్కా, మదీనా, యాన్బూ వైపు. జుబైల్ నుంచి రియాద్ 400 కిలోమీటర్ల పైనే, అంటే ఒక రోజు కూలీ, బస్సు ఖర్చు పోతాయి. అందుకని ముందు ఫోను, మెయిలు. మనిషి వెళ్లడం తర్వాత. మామూలు పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఎంబసీ దాకా అక్కర్లేదు, దాని తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్లున్నాయి.

క్షణం ఆగకుండా ఎంబసీకి చెప్పాల్సినవి కొన్నే: అరెస్టు, పాస్‌పోర్టు పోవడం, గదిలో పెట్టి తాళం వెయ్యడం లేదా కొట్టడం, మనిషి స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉండటం, మరణం, దేశంలో గొడవలు.

అరెస్టు విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం పట్టుబడ్డ విదేశీయుడు తన దేశపు కాన్సులేట్‌కి చెప్పమని అడగొచ్చు. అడిగితే పోలీసులు ఆలస్యం చెయ్యకుండా చెప్పాలి. కానీ నోరు తెరిచి అడగాల్సింది మనోడే. "సఫారా హిందియా" అన్న రెండు మాటలు ఇప్పుడే నేర్పండి, భారత ఎంబసీ అని అర్థం. అరబ్బీలో ఉన్న ఏ కాగితం మీదా అర్థం కాకుండా సంతకం పెట్టకూడదు. ఎంబసీ వాళ్లు వచ్చి చూస్తారు, లాయర్ల పేర్లిస్తారు, ఇంటికి కబురు చేస్తారు. జైలు నుంచి విడిపించడం మాత్రం వాళ్ల చేతిలో లేదు.

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత ఎంబసీ. పాత పాస్‌పోర్టు జిరాక్సు ఉంటే పని తొందరగా కదులుతుంది. లేకపోతే ఇతను భారతీయుడేనా అని ఇక్కణ్నుంచి తేలాక గానీ ఏదీ ముందుకెళ్లదు. వెంటనే ఇంటికి రావాలంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇండియాకి ఒకవైపు ప్రయాణానికే. దాంతో విమానం ఎక్కేయొచ్చు అనుకుని టికెట్టు కొనేవాళ్లు ఎయిర్‌పోర్టులో ఆగిపోతారు, ఎందుకంటే సౌదీ వాళ్ల ఎగ్జిట్ వీసా విడిగా కావాలి. టికెట్టు ఎప్పుడూ ఆఖరున.

ఇక జీతం. ఇక్కడే జనం వరస తప్పుతారు. ఒక నెల ఆలస్యమైందని ఎంబసీకి పరిగెత్తితే వాళ్లు మళ్లీ లేబర్ ఆఫీసుకే పంపుతారు. సౌదీ కార్మిక శాఖ నంబరు 19911. ఫిర్యాదు ముందు రాజీ విభాగానికి వెళ్తుంది, 21 పనిరోజుల్లో తేలకపోతే లేబర్ కోర్టుకి. ఉద్యోగం ముగిసిన 12 నెలల్లోపు కేసు వెయ్యాలి, దాటితే వినరు. వరసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోతే యజమాని ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారొచ్చు, 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న రూలు ఇది. ఫిర్యాదు పెట్టాక దాని నంబరుతో ఎంబసీ లేబర్ విభాగానికి రాయండి. అప్పుడు వాళ్లు కంపెనీతో మాట్లాడటానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఒకటుంది. కోపమొచ్చి క్యాంపు (కంపెనీ ఇచ్చిన బస) వదిలి స్నేహితుల గదికి వెళ్లిపోవడం. కంపెనీ ఆన్‌లైన్‌లో "పనికి రావట్లేదు" అని నమోదు చేస్తే అక్కణ్నుంచి 60 రోజుల్లో వేరే కంపెనీకి మారాలి, లేదా ఫైనల్ ఎగ్జిట్ (పూర్తిగా వెళ్లిపోవడానికిచ్చే అనుమతి) మీద దేశం వదలాలి. ఆ గడువు దాటాక ఎంబసీకి వెళ్తే పని పదింతలు కష్టం. క్యాంపు వదలాలనిపించిన రోజే, వదలకముందే, ఎంబసీకి ఫోను చెయ్యాలి. కొడుతున్నారంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, ముందు బయటపడాలి.

పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం సౌదీ నిబంధనలకే విరుద్ధం, అయినా జరుగుతూనే ఉంటుంది. ముందు రాతపూర్వకంగా అడగాలి, ఇవ్వకపోతే కార్మిక శాఖ, తర్వాత ఎంబసీ. ఇకామా (అక్కడ ఉండి పనిచేసేందుకిచ్చే కార్డు) మాత్రం 90 రోజుల్లో చేతికి రావాలి, దాని ఖర్చు యజమానిదే. ఆ గడువు దాటితే ఊరుకోవద్దు.

చీపురుపల్లి_చెక్‌పోస్ట్

పై మాటలన్నీ సరైన వీసా మీద వెళ్లినవాడికి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో సౌదీకి పనికెళ్తే విదేశాంగ శాఖ పోర్టల్ ఈమైగ్రేట్‌లో క్లియరెన్సు తప్పనిసరి. ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి ఈమైగ్రేట్ సైట్‌లో వెతకండి. నంబరు ఉందని నమ్మేయొద్దు, కొందరి లైసెన్సు సస్పెండ్ అయ్యి ఉంటుంది, స్టేటస్ కూడా చూడాలి. చట్టప్రకారం సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలకి మించకూడదు, పైన జీఎస్టీ. రసీదు ఇవ్వనంటే అక్కడే ఆగండి. ప్రవాసీ భారతీయ బీమా కూడా ఈసీఆర్ వాళ్లకి తప్పనిసరి. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు. పాలసీ కాగితం ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇంట్లోవాళ్లకి పాలసీ ఉన్నట్టే తెలియక క్లెయిము వెయ్యనివాళ్లున్నారు.

"ముందు విజిట్ వీసా మీద వెళ్లిపో, అక్కడ మారుస్తాం" అన్నాడంటే ఆ ఏజెంటుకి నమస్కారం పెట్టి వచ్చేయండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి టూరిస్టు వీసాల మీద కంబోడియా, లావోస్, మయన్మార్‌లో సైబర్ మోసాల ముఠాలకి కుర్రాళ్లని అప్పజెప్పింది ఇలాగే. మయన్మార్ నుంచి బయటపడినవాళ్లని 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో థాయ్‌లాండ్ నుంచి తీసుకురావాల్సి వచ్చింది. అలాంటి చోట ఫోను లాక్కుంటారు కాబట్టి మొదటి అనుమానం వచ్చినప్పుడే లైవ్ లొకేషను ఇంటికి పంపాలి. ఎంబసీకి అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

నాగావళి_నోటరీ

ఇంటి దగ్గర మీరు చెయ్యగలిగింది తక్కువేం కాదు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో కుటుంబ సభ్యులే ఫిర్యాదు పెట్టొచ్చు. ఢిల్లీలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. ఎలా రాస్తారన్నది ముఖ్యం. "మా తమ్ముణ్ని కంపెనీ వాళ్లు చాలా బాధపెడుతున్నారు, కాపాడండి" అని రాస్తే ఫైలు కదలదు. ఇలా ఉండాలి:

"పాస్‌పోర్టు నంబరు ఫలానా, ఇకామా నంబరు ఫలానా. జుబైల్, ఫలానా కంపెనీ, ఫోర్‌మన్ ఫోను నంబరు ఇది. బేసిక్ 1,200 రియాళ్లు. మార్చి, ఏప్రిల్, మే జీతాలు అందలేదు. జూన్ 4న కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టాడు, నంబరు ఫలానా. క్యాంపులోనే ఉన్నాడు. పెండింగు జీతం, ఫైనల్ ఎగ్జిట్ కావాలి."

చివరి వాక్యం మర్చిపోకండి. డబ్బు కావాలా, ఇంటికి రావాలా, కంపెనీ మారాలా అన్నది చెప్పకపోతే వాళ్లు తిరిగి అడగడానికే వారం పడుతుంది.

ఆస్పత్రి బిల్లు ఎంబసీ కడుతుందని అనుకోవద్దు. 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. అత్యవసర వైద్యం, టికెట్టు, మృతదేహం తరలింపు లాంటివాటికి వాడతారు, అదీ వేరే దారి లేని పేదవాళ్లకే. ముందు కంపెనీ ఇన్సూరెన్సు అడగాలి.

అశుభమే గానీ చెప్పాలి. మరణం జరిగితే ఎంబసీ నిరభ్యంతర పత్రం లేకుండా దేహం కదలదు. దానికి వారసుల అనుమతి పత్రం కావాలి. స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ చేయించి, అక్కడ ఎవరికి అధికారం ఇస్తున్నారో పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే రాయాలి. ఇక్కడ రావు, అక్కడ రాజు అని పడితే వారం పోయినట్టే. తహసీల్దారు ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్టు తర్వాత బకాయిలకీ, పరిహారానికీ అడుగుతారు, దానికి ముందే దరఖాస్తు పెట్టండి. ప్రమాదమో ఆత్మహత్యో అయితే పోలీసు విచారణ అయ్యేదాకా ఆగక తప్పదు.

కళింగపట్నం_వల

సముద్రంలో చేపల వేటకెళ్లేవాళ్ల సంగతి వేరు. సరిహద్దు దాటి పట్టుబడితే ఫోన్లు ఉండవు. ఇంటివాళ్లు మత్స్యశాఖ ద్వారా కలెక్టరుకి పేర్లు, బోటు రిజిస్ట్రేషను నంబరు, ఆధార్ జిరాక్సులు ఆ రోజే ఇవ్వాలి. పాకిస్తాన్ విషయంలో 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. అందులో పేరుందో లేదో చూసుకోండి. 2018లో గుజరాత్ వైపు వేటకెళ్లి చిక్కిన మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు 2020 జనవరిలో గానీ వాఘా దాటలేదు.

వంశధార_గట్టు

అందరికీ దండాలు. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, పాలసీ నాలుగూ స్కాన్ చేయించి వదిన ఫోనులోనూ ఉంచుతున్నాం. ఇంకొక్కటి, శుక్రవారం ఎంబసీ ఉంటుందా?

కఫీల్_కాగితం

సౌదీలో శుక్ర, శని సెలవు. ఆదివారం మామూలు పనిరోజు, ఇక్కడ ఆదివారం కదా అని మీరు ఆగొద్దు. అక్కడ ఉదయం 9 అంటే మనకి 11:30. సెలవు రోజున అరెస్టో, మరణమో, ప్రాణాపాయమో అయితే 24 గంటల నంబరుకి చెయ్యండి, ఎంబసీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆ నంబరు ఫోనులోనే కాదు, అతని బెల్టు లోపలివైపు కూడా పెన్నుతో రాయించండి.