మ్యాక్‌లో జావా యాప్ తెరుచుకోవట్లేదు, ఎవరైనా చెప్పండి

ఉడుతపిల్ల: మధ్యాహ్నం నుంచి ఇదే పని. జార్ ఫైల్ (జావా యాప్‌ని మూటకట్టిన ఫైల్) మీద డబుల్ క్లిక్ చేస్తే డాక్‌లో బొమ్మ ఒక్కసారి ఎగిరి మాయమైపోతోంది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. జావా తీసేసి మళ్లీ వేశా, రీస్టార్ట్ చేశా. విండోస్‌లో మాత్రం శుభ్రంగా నడుస్తోంది!

మౌనముని: ఏ మ్యాక్? ఏ జావా?

ఉడుతపిల్ల: మ్యాక్ అంటే మ్యాకేనండీ, ల్యాప్‌టాప్. జావా లేటెస్ట్. అప్‌డేట్ చూస్తే ఇదే కొత్తదంటోంది.

పాతకాపు: గేట్‌కీపర్ పనే, అదే తెలియని యాప్‌లని ఆపే మ్యాక్ కాపలా. నెట్ నుంచి దింపిన ఫైల్‌కి మ్యాక్ క్వారంటైన్ ముద్ర వేస్తుంది. ఇదివరకు కంట్రోల్ నొక్కి ఓపెన్ అంటే సరిపోయేది. 2024లో మ్యాక్‌ఓఎస్ సీక్వోయాతో ఆ దారీ మూసేశారు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి ఓపెన్ ఎనీవే నొక్కాలట. మన మెషిన్‌లో మన ఫైల్ తెరవడానికి ఇన్ని పర్మిషన్లా!

మౌనముని: అదైతే హెచ్చరిక వస్తుంది. వీరికి రాలేదు. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) జావా -జార్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఫైల్‌ని లాక్కొచ్చి అందులో వదిలి ఎంటర్ కొట్టండి.

ఉడుతపిల్ల: పెద్ద పురాణమే వచ్చింది. అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ అట. ఒకచోట 61.0, ఇంకోచోట 52.0.

మౌనముని: 61 అంటే జావా 17. 52 అంటే 8. యాప్‌కి 17 కావాలి, మీది 8.

ఉడుతపిల్ల: లేటెస్ట్ అని చూపిస్తోందిగా!

వేపచెట్టు: 8లో లేటెస్ట్ అండీ అది. మామూలు వాడుకదారుల కోసం పెట్టిన డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చేది 8 జేఆర్‌ఈనే (యాప్‌లు నడపడానికి మాత్రమే సరిపోయే జావా). అప్‌డేట్ చెక్ కూడా ఆ వరుసలోనే వెతుకుతుంది. ఎన్నిసార్లు తీసి వేసినా అంతే. 17 జేడీకే వేసుకోండి.

పాతకాపు: యాప్ నడపడానికి జేడీకే దేనికి? అది డెవలపర్లకి. జేఆర్‌ఈ చాలు.

వేపచెట్టు: 11 నుంచి జావా చేసే ఆరాకిల్ విడిగా జేఆర్‌ఈ ఇవ్వట్లేదు.

పాతకాపు: జావాని ఉచితంగా ఇచ్చే టెమురిన్ వాళ్లు ఇస్తున్నారుగా.

మౌనముని: మీ మ్యాక్‌లో ఉన్నది ఆపిల్ ఎమ్ చిప్పా, ఇంటెలా? ఆపిల్ మెనూలో అబౌట్ దిస్ మ్యాక్ చూడండి.

ఉడుతపిల్ల: ఎమ్2. 17 వేశా. ఇప్పుడు విండో తళుక్కుమని పోతోంది. టెర్మినల్‌లో "హ్యావ్ ఎక్స్86_64, నీడ్ ఆర్మ్64" అంటోంది. ఇదెక్కడి గోల?

వేపచెట్టు: యాప్ లోపల ఏదో నేటివ్ లైబ్రరీ (ఒక రకం చిప్ కోసమే కట్టిన కోడ్) ఇంటెల్‌ది, అదే ఎక్స్86_64; మీరు వేసింది ఎమ్ చిప్‌లకి సరిపడే ఆర్మ్ జావా. ఒకే ప్రాసెస్‌లో రెండూ పొసగవు. ఆ ఆర్మ్ 17 తీసేసి, అదే 17లో ఎక్స్64 (ఇంటెల్) బిల్డ్ వేయండి. మిగతాది రోసెట్టా (ఇంటెల్ యాప్‌లని ఎమ్ చిప్ మీద నడిపే ఆపిల్ సాధనం) చూసుకుంటుంది.

పాతకాపు: ఎన్నాళ్లు? పూర్తి రోసెట్టా మ్యాక్‌ఓఎస్ 27 వరకేనని ఆపిల్ 2025లోనే చెప్పేసింది. అసలు యాప్ చేసినవాళ్లు ఆర్మ్ లైబ్రరీ పెట్టి, జేప్యాకేజ్ అనే సాధనంతో జావాని లోపలే కట్టి ఇస్తే వీరికి ఈ తంటా ఉండేదా? జార్ మొహాన పడేసి పోవడం అలవాటైపోయింది అందరికీ.

ఉడుతపిల్ల: తెరుచుకుంది. థ్యాంక్సండీ. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, అది రేపు చూస్తా.

మౌనముని: ఎక్స్64 వేశాకేనా?

పాతకాపు: జేఆర్‌ఈతో కూడా తెరుచుకునేది.