క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయా?

కూకట్‌పల్లి కోడలు:
మా అత్తగారికి 63 ఏళ్ళు. ఉదయం పుక్కిలిస్తే నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. క్లీనింగ్ చేయిద్దామంటే ససేమిరా అంటున్నారు. "ఆ మిషను పెట్టాకే మా అక్క పళ్ళన్నీ కదిలాయి" అని ఆవిడ వాదన. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచేమో, అక్కడ ఆరు నెలలకోసారి డెంటల్ హైజీనిస్టు దగ్గరికి వెళతామనీ, ఇక్కడా అలాంటివారినే చూడమనీ అంటోంది. హైదరాబాద్‌లో హైజీనిస్టులు దొరుకుతారా? అసలు ఏం చేస్తారు?

మలక్‌పేట మామయ్య:
ఆ భయంతోనే నేనూ 20 ఏళ్ళు గడిపానమ్మా. కింది ముందు పళ్ళ వెనక నాలుకతో తడిమితే గరుకుగా గోడ కట్టినట్టు ఉండేది. డాక్టరమ్మ దాన్ని కదపగానే శనగబద్దంత పెచ్చు ఊడి పళ్ళెంలో టక్కున పడింది. ఇంటికొచ్చి చూసుకుంటే పళ్ళ మధ్య కిటికీలు! పళ్ళు అరగదీశారని మర్నాడే వెళ్ళి గొడవపడ్డాను. ఆవిడ అద్దం చేతికిచ్చి, చిగురు ఎప్పుడో కిందికి దిగిపోయిందనీ, ఆ సందుల్ని ఇన్నాళ్ళూ గారే పూడ్చి ఉంచిందనీ చూపించారు. ఓ వారం చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనేది, తర్వాత పోయింది.

బీడీఎస్ డాక్టరు:
పళ్ళు శుభ్రం చేసే పనిలో శిక్షణ పొందిన హైజీనిస్టులకు 1948 నాటి డెంటిస్టుల చట్టంలోనే వేరే రిజిస్టరు పెట్టారు. అయినా ఇక్కడి క్లినిక్‌లలో వారు కనిపించేది తక్కువ, స్కేలింగ్ (గార తీసే క్లీనింగ్) చాలావరకు మాలాంటి డాక్టర్లమే చేస్తాం. అమెరికాలో 1913లోనే కనెటికట్‌లోని బ్రిడ్జ్‌పోర్టులో ఈ పని నేర్పే బడి పెట్టారు, అక్కడి అలవాటు అలా వచ్చింది.

మీరు చూడాల్సింది ఒకటే: మిషను చేత పట్టేముందు గీతలున్న సన్నటి పుల్లతో పంటికీ చిగురుకూ మధ్య సందు లోతు కొలుస్తున్నారా? 3 మిల్లీమీటర్ల వరకు ఫరవాలేదు. 4, 5 అంటూ పోతే చిగురు లోపలి గారా తీయాలి, అందుకు చిగురుకు మత్తు ఇచ్చి రెండు మూడు సార్లు పిలవవచ్చు. మిషను ములికి సెకనుకు పాతికవేల సార్లకు అటూ ఇటూగా కంపిస్తుంది, ఆ అదురుకే గార రాలుతుంది. వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతుంది కాబట్టి ముఖమంతా తుంపరే. అత్తగారికి షుగర్ ఉన్నా, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

నల్లగొండ బిడ్డ:
నా పళ్ళ మీది గోధుమరంగు చారలు పోతాయని 1,200 రూపాయలు పోశాను. ఇరానీ చాయ్ మరకలు పోయాయి, చారలు అలాగే ఉన్నాయి. అది మా ఊరి బోరు నీళ్ళ ఫ్లోరైడు, చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్‌లో కలిసిపోయిందట. ఈ మాట డబ్బు కట్టించుకున్నాక చెప్పారు! పైగా పళ్ళు తెల్లబరిచే ప్యాకేజీ ఒకటి అంటగట్టబోయారు.

పాతబస్తీ పాఠకుడు:
అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో నాకు చదువుకునే పిల్లలు చేశారు, పెద్ద డాక్టరు వచ్చి చూసి సరిదిద్దారు. పెందలాడే వెళ్ళండి. టిఫిన్ చేసి మరీ వెళ్ళండి, సగం రోజు అక్కడే.

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ కృతజ్ఞతలు. అత్తగారికి షుగర్ ఉంది, చెప్పాం. మేం వెళ్ళిన డాక్టరు ముందు కొలిచారు, వెనక దంతాల దగ్గర 5, 6 వచ్చింది. ముందు పన్ను ఒకటి ఇప్పటికే కదులుతోందని వేలితో అదిమి అద్దంలో చూపించారు, అప్పటికింకా మిషను చేత పట్టనేలేదు. అత్తగారు కాసేపు చూసి, "అయితే అక్కను నేనే తప్పుదారి పట్టించానా, ఆ డాక్టరును తిట్టమని" అన్నారు. సగం క్లీనింగ్ అయింది, మిగతా సగం వచ్చే బుధవారం. ఆటో ఆవిడే మాట్లాడి పెట్టుకున్నారు.